మూడో అతుకు

కాశయ్య గ్యాస్ టార్చి మంటను సన్నం చేసి, పైపు మీద సబ్బుతో గీసిన గీత నల్లబడటం కోసం చూస్తున్నాడు. ఇనుమైతే ఎర్రబడి తన సంగతి తానే చెబుతుంది. ఈ సిల్వర్ ఉందే, అదే అల్యూమినియం, చివరిదాకా తెల్లగా ఉండి ఒక్కసారిగా కారిపోతుంది. అందుకే సబ్బు గీత. అది నల్లబడగానే తీగ ఆనించాడు. పగులు మూసుకుంది. వంగి వంగి నడుము పట్టేసింది, చొక్కా వీపుకు అంటుకుపోయింది.

నవీపేట్ దగ్గర గోదావరి ఒడ్డున, సగం పైకి లాగిన చేపల పడవ అది. మీద రేకు కప్పు, కప్పు కింద నాలుగు సిల్వర్ పైపు కాళ్లు. ముందు కుడి కాలు ఒకే చోట పగలడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ పడవ యజమాని బాలన్న ఆ కాలును విప్పి బోధన్‌లో కాశయ్య దుకాణానికి మోసుకొచ్చాడు. ఈసారి ఫోన్ చేశాడు.

"అన్నా, నీ అతుకు మల్ల ఇడిసింది. నిజామాబాద్‌ల ఎవలో కొత్త మిషన్ దుకాణం వెట్టిండ్రట. ఆడికి పోమంటవా?"

పాపం, మర్యాదగానే అడిగాడు. ఆ మర్యాదే కాశయ్యను కాల్చింది. తెల్లారగానే సిలిండర్లు ట్రాలీ ఆటోలో వేసుకుని తానే వచ్చేశాడు.

చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ అందులో పైపులు అతికాడు. అది మూతపడ్డాక చెరుకు ట్రాలీల కొక్కేలు, నాగళ్లు, పెళ్లివంటల సిల్వర్ గంజులు. ఆయనకు శాలువా కప్పినవాళ్లు లేరు, పేపర్లో పేరు పడిందీ లేదు. భార్య ఈరవ్వ మాత్రం వాకిట్లో కూర్చుని "మా ఆయిన అతికితే మల్ల దుకాణం మెట్టెక్కది" అని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పేది. ఆమె పోయింది. ఆ మాట కూడా అబద్ధమైపోతుందేమోనని ముసలాయన నిజంగా భయపడ్డాడు.

"వల ఎట్ల గుంజుతరో జెర సూపియ్యి," అన్నాడు టార్చి ఆర్పి.

బాలన్న వల తాడు తీసి, అలవాటుగా, అప్పుడే అతికిన కాలుకు చుట్టబోయాడు.

"ఓర్ని! ఆగు! కప్పు మోసే కాలుకు వల గడుతవా? పలగక ఏమైతది?"

"గది గంగమ్మ కాలన్నా. పసుపు పెట్టిన కాలుకే మొదటి ముడి. మా బాపు నాటి సంది గంతే."

"మరి దుకాణానికి తెచ్చినప్పుడు పసుపు లేకపాయె, తాడు ఒరిసిన గీత లేకపాయె?"

బాలన్న తల గోక్కున్నాడు. "గంగమ్మను తీస్కపోయి చెప్పుల కాడ పడేస్తరా అన్నా? ఇసుకేసి తోమి, కడిగి తెస్తుంటి. ఇయ్యాల సుత నువ్వొస్తవని తోమిన."

కాశయ్యకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. జబ్బు గుర్తులన్నీ తుడిచేసి రోగిని తెచ్చారు మహానుభావులు! తప్పు తన అతుకుది కాదు. ఆ మాట ఇప్పుడు ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

ఆటోలో ట్రాలీల పనికి దాచిన ఇనుప పైపు ముక్క ఉంది. కాల్చిన చువ్వతో పడవ అడుగు దూలానికి బెజ్జాలు చేసి, పట్టీలు వేసి, పైపును వల కట్టే గుంజలా నిలబెట్టి బోల్టులు బిగించాడు. మధ్యలో రెండుసార్లు ఆగి ఎడమ భుజం నొక్కుకున్నాడు. ఏమైందని బాలన్న అడిగితే ఎండ అన్నాడు.

బాలన్న తల్లి చంద్రవ్వ మజ్జిగ తెచ్చి, గుంజను కింది నుంచి పైదాకా చూసింది. "తుప్పు వట్టిన ఇనుముకు గంగమ్మ ఎట్లొస్తది తమ్మీ?"

"ఒక్కపాలి వల గుంజనీ అక్కా. ఆగితే పసుపు వెట్టు. ఆగకుంటే నేనే పీక్కపోత."

"సరే. ఆగినంకనే."

పడవ నీళ్లలోకి పోయింది. కాశయ్య మజ్జిగ తాగి, ఆటో నీడలో చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. ఏళ్ల తరబడి మంట చూసిన కళ్లు, అంత దూరం ఆనవు.

"తాడు గట్టిండ్రా?"

"గట్టిండ్రు."

"కప్పు ఊగుతుందా?"

చంద్రవ్వ నొసట చెయ్యి అడ్డం పెట్టి చూసింది. తాడు బిగిసింది, ముగ్గురు మనుషులు వెనక్కి వాలి గుంజుతున్నారు. "లేదు తమ్మీ. ఇసుమంత సుత కదుల్తలేదు. ఆగింది."

తిరిగి చూస్తే ఆయన తల చక్రానికి వాలి ఉంది. కునుకు పట్టిందనుకుని ఆమె కొంగుతో ఈగను తోలింది. పడవ ఒడ్డుకు తగిలి, "అన్నా, పలగలే!" అని బాలన్న అరుచుకుంటూ వచ్చి భుజం తట్టాక గానీ తెలియలేదు. మనిషి అలా కూర్చునే పోయాడు.

ఎవరు ఎన్నిసార్లు అడిగినా చంద్రవ్వ ఒకే మాట చెప్పింది. "ఇన్నడు. ఆగిందని నేను జెప్పినంకనే పానం ఇడిసిండు." చెబుతూ ఏడ్చింది. అవునో కాదో ఆమెకూ తెలియదు, కానీ ఆయన వినకుండా పోయాడంటే ఆమె మనసు ఒప్పుకోలేదు.

ఆయన ఆటోలోనే ఆయన్ను బోధన్‌కు తీసుకుపోయారు. ఆటో రోడ్డెక్కాక చంద్రవ్వ గోదావరిలో మునిగి, తడిబట్టలతోనే పడవెక్కింది. పసుపు కలిపిన గిన్నె ఒడిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ తర్వాత లేచింది.

రంగు కూడా వేయని ఆ ఇనుప గుంజకు నిలువునా తడి పసుపు, నడుమ కుంకుమ బొట్టు, కింద ఇంకా విప్పని తాడు రెండు చుట్లు, వాటిలోంచి చుక్క చుక్కగా కారుతున్న గోదావరి నీళ్లు.