తవిటమ్మ గుండె ఫోటో

విజయనగరంలో ఒక డాక్టరు దగ్గరికి గుండె ఫోటో తీసే మిషను వచ్చిందని బస్సు కండక్టరు చెబితే, అప్పలసూరి పెళ్లాన్ని తీసుకొచ్చాడు. అది 1968, వానలు వెనకబట్టిన రోజులు. కోనాడ ఒడ్డు నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లన్నీ తిరిగే తవిటమ్మకి ఇప్పుడు కాళ్లు పొంగాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం.

నర్సు ఆమెను తెర వెనక బల్ల మీద పడుకోబెట్టి, చేతులకీ కాళ్లకీ రేకు బిళ్లలు కట్టింది.

"మావా, కరెంటు పెడతన్నారేటి?" అని అరిచింది తవిటమ్మ.

"పెట్టడం కాదమ్మా," అన్నాడు డాక్టరు. "నీ గుండెలోనే కాస్త కరెంటుంటుంది. అదెలా నడుస్తోందో ఈ మిషను గీసి చూపిస్తుంది. కదలకు."

మిషనులోంచి కాగితం పట్టీ బయటికొచ్చింది. డాక్టరు దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ పక్క గుండె కండ కొంత చచ్చిపోయింది. ఇవాళ్టిది కాదు. కొన్ని నెలల కిందటే గుండెపోటు వచ్చింది. ఎప్పుడైనా ఛాతీ పట్టేసి, ఒళ్లంతా చెమటలు పోశాయా?"

అప్పలసూరికి గుర్తొచ్చింది. వేసవిలో ఒకరోజు గంప నెత్తికెత్తగానే తవిటమ్మ ఇసకలో కూలబడింది. చేపలు చెల్లాచెదురయ్యాయి. ఆమె గుండెలు పట్టుకుని, చెమటలు కక్కుతూ చూస్తుంటే, అతను పదిమందిలో అరిచాడు. "లెగే! ఎండ సూసి నాటకాలాడతన్నావేటి?" ఒడ్డునున్నవాళ్లు నవ్వారు. ఆమె చేపలేరుకుని, కడుక్కుని, బజారుకి వెళ్లింది. ఆ తర్వాత ఆమె ఎప్పుడు ఆగి ఊపిరి తీసుకున్నా, "మళ్లీ మొదలెట్టినావా?" అనడం అతనికి అలవాటైపోయింది.

"నేదు బాబూ," అంది తవిటమ్మ. "అలాటిదేటీ నేదు."

తన పరువు కాపాడుతోందనుకున్నాడు అప్పలసూరి. తలెత్తలేకపోయాడు.

"ఒచ్చినాది బాబూ. నా కళ్లముందరే ఒచ్చినాది. నాటకమని తిట్టి, గంపెత్తి నానే పంపినాను."

డాక్టరు తిడితే బాగుండుననిపించింది. ఆయన తిట్టలేదు. మాత్రలు రాసి, "చచ్చిన కండ మళ్లీ రాదు. బరువులు మోయించకు. ఉన్నది కాపాడుకోండి," అన్నాడు.

బయట మెట్ల మీద కూర్చున్నాక అడిగాడు. "అబద్దమెందుకాడినావే?"

"అబద్దం కాదు మావా. అందరూ నాటకమంటే నానూ అలగే అనుకున్నాను. పనికి ఒళ్లొంగకే నొప్పొస్తందేమోనని సిగ్గేసి, ఎవలికీ సెప్పనేదు."

అప్పలసూరి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఇంటి దగ్గర తల్లి గురమ్మకి జరిగిందంతా చెప్పాడు, ఆ వేసవి సంగతితో సహా. ఆమె మూలనున్న గంప వైపు చూసి, "మరి గంపెవలు మోస్తారురా?" అంది.

"నాను మోస్తానమ్మా."

"ఆడోళ్ల మధ్యన కూకుని సేపలమ్ముతావా? సిగ్గునేదేట్రా?"

"ఉన్నాది," అన్నాడు అప్పలసూరి. "సానా ఉన్నాది."

తవిటమ్మ రెక్క పట్టుకుని లోపలికి నడిపించి, చాప పరిచాడు.