అర మెట్టు పైన

వర్జిల్ టూటెన్‌కు కూడు పెట్టేది వెల్డింగ్, పిచ్చెక్కించేది గిటార్. ఆ పిచ్చి కూడా ఒక్క టకోవా క్రీక్ బ్యాండు మీదే, అందులోనూ ఒకే ఒక్క పాట మీద. పదిహేడు నిమిషాల పాట, ఒక్క మాట ఉండదు. బ్యాండులోని గిటారిస్టులు డ్యూయీ, రాండల్ ఎదురెదురుగా నిలబడి, ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒకే కబురు ఒకేసారి చెబుతున్నట్టు రెండు గిటార్లూ కలిపి వాయించేవాళ్లు. ఇలాంటి పాట అమెరికాలో తమ జార్జియా రాష్ట్రపు ఎర్రమట్టిలో తప్ప ఇంకెక్కడా మొలవదని వర్జిల్ నమ్మకం. దీని మీద అతనితో వాదించి గెలిచినవాళ్లు లేరు.

ఆ పాట రికార్డుగా రాకముందే రాండల్ గుండె జబ్బుతో పోయాడు, బ్యాండు చెదిరిపోయింది. డెబ్భై ఆరులో సంత మైదానంలో కచేరీ జరిగినప్పుడు వర్జిల్ తన చిన్న టేప్ రికార్డర్‌లో పట్టుకున్న క్యాసెట్ ఒక్కటే అతనికి మిగిలింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం చర్చి నుంచి రావడం, భోంచేయడం, షెడ్డులో దూరి ఆ క్యాసెట్‌తో పాటు రాండల్ వంతు వాయించడం. కుక్క కూడా ఆ వేళకు పక్కింటికి వెళ్లిపోవడం నేర్చుకుంది. "నాతో కన్నా రాండల్‌తోనే ఎక్కువ కాపురం చేశావు" అని అతని భార్య లొరీన్ దెప్పుతూ ఉండేది. నిజం చెప్పాలంటే, ఒక్కసారైనా ఆ పాటను క్యాసెట్‌తో కాక, మనిషి పక్కన నిలబడి వాయించాలన్న కోరిక అతన్ని లోపల్లోపల తినేస్తుండేది. ఆ మాట లొరీన్‌తో తప్ప ఎవరితోనూ అనలేదు.

ఆ జూలైలో టకోవా క్రీక్ మళ్లీ జతకట్టి, పీచ్ పళ్ల పండుగకు వాళ్ల ఊరే వచ్చింది. రాండల్ స్థానంలో ఉత్తరాదిన ఉన్న ఒహాయో నుంచి ఒక కుర్రాడిని పెట్టుకున్నారు. వాయిద్యం బాగానే వచ్చు గానీ, ఎర్రమట్టి గుట్ట కనబడితే చెయ్యి ఆనించి కూర్చోకూడదన్న ఇంగితం ఒహాయోలో ఎవరూ నేర్పినట్టు లేదు. అది ఎర్రచీమల పుట్ట. మూడింటికల్లా అతని ఎడమ చెయ్యి బూరెలా పొంగింది. కచేరీ నాలుగింటికి. ఆ పదిహేడు నిమిషాల పాట ఉండదని డ్యూయీ చెప్పేశాడు.

మాంసం కాలుస్తున్న పొయ్యి దగ్గర వాడిపోయిన వర్జిల్ ముఖం చూసింది లొరీన్. చేతిలో పళ్లెం అక్కడే పెట్టి, తిన్నగా వేదిక వెనక్కి నడిచింది. తన మొగుడికి ఆ పాట తన పేరు కన్నా బాగా వచ్చని, కావాలంటే పరీక్షించుకోమని డ్యూయీతో చెప్పింది. వర్జిల్ సిగ్గుతో చచ్చిపోతూనే పరుగున వెళ్లి ట్రక్కులోంచి గిటార్ తెచ్చాడు.

ఇద్దరూ మొదలుపెట్టారు. రెండు క్షణాల్లోనే అందరూ ముఖాలు చిట్లించారు. వేళ్లు సరిగ్గానే నడుస్తున్నాయి, శ్రుతే అర మెట్టు పైన ఉంది. డ్యూయీ ఆపి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. వర్జిల్ క్యాసెట్ సంగతి చెప్పాడు. ఆ రోజు రికార్డర్‌లో బ్యాటరీలు అయిపోవస్తున్నాయనీ చెప్పాడు. డ్యూయీకి వెంటనే అర్థమైంది. నీరసపడిన బ్యాటరీలతో టేపు నెమ్మదిగా తిరిగింది. ఇంట్లో మామూలు వేగంతో పెట్టుకునేసరికి పాట పైకెక్కింది. ఇన్నేళ్లూ వర్జిల్ లేని శ్రుతిని సాధన చేశాడు.

"క్షమించండి సార్, ఒక్క నిమిషంలో దించేస్తాను" అంటూ వర్జిల్ తీగలు వదులు చేయబోయాడు.

డ్యూయీ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు, అలాగే ఉండనీ. రాండల్ పోయేదాకా నాతో ఇదే గొడవ. ఈ పాట అర మెట్టు పైన ఉంటేనే ఏడుస్తుందనేవాడు. తీగలు తెగుతాయిరా అని నేనే ఒప్పుకోలేదు. మేమే పైకొస్తాం."

బ్యాండులో ఆర్గన్ వాయించే ఆయన, మెట్లన్నీ మార్చుకోవాలని గొణుక్కున్నాడు గానీ, అందరూ పైకే వచ్చారు.

నాలుగింటికి, మండుటెండలో, ఊరంతా చూస్తుండగా రెండు గిటార్లూ కలిశాయి. షెడ్డులో క్యాసెట్ అతనికి ఎన్నడూ బదులివ్వలేదు. ఇప్పుడు తను ఒక స్వరం సాగదీస్తే డ్యూయీ ఆగుతున్నాడు, తను తడబడితే ఎత్తుకుంటున్నాడు. వర్జిల్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. లొరీన్ పళ్లెం సంగతి మరిచిపోయి అడుగులేస్తోంది. పద్నాలుగో నిమిషంలో డ్యూయీ సన్నతీగ టప్పున తెగింది.

వర్జిల్ ఆగలేదు. డ్యూయీ తన గిటార్ నుంచి వేలాడుతున్న తీగను రెండు వేళ్లతో పట్టుకుని ఆకాశంలోకి ఎత్తి చూపించాడు.

"చూశావా రాండల్, తెగుద్దని చెప్పానా లేదా" అన్నాడు, కళ్లు తుడుచుకుని నవ్వుతూ. మిగిలిన మూడు నిమిషాలూ వర్జిల్‌ను ఒక్కణ్నే వాయించనిచ్చి, తను పక్కన నిలబడి చప్పట్లతో తాళం వేశాడు.