ఒళ్లు దులపని నవాబు

పొద్దు పొడవంగనే భూమవ్వ వాకిలి ఊడ్చేది, రాట్నం ముందర కూసొని కండెలు చుట్టేది, ఎండెక్కినంక మేకపోతును నీడకు జరిపేది. మొదటి రెండు పనులకు ఆమె ఒక్కతే చాలు. మూడో పనికి మాత్రం మగ్గాలు ఆపి నలుగురు నేతగాళ్లు రావాల్సిందే. దాని ఒంట్ల ఒక చెరువంత నీళ్లున్నయి మరి.

చెరువంటే తగ్గించి చెప్పినట్టే. ధర్మపురిల మునిగొచ్చిన ముసలోళ్లు దాని డొక్కకు చెవి ఆనిచ్చి, "అచ్చం గోదారి సప్పుడే" అని ఒట్టేసేటోళ్లు. లకుముకి పిట్ట ఒకటి ఎప్పుడూ దాని కొమ్ము మీదనే కూసొని, చేపకోసం కిందికి చూస్తుండేది.

మేకపోతు పేరు నవాబు. భూమవ్వ బిడ్డ బాలలక్ష్మికి అమ్మవారు పోసి కండ్లు తేలేసిననాడు, "పిల్ల లేస్తే ఈ మేకపిల్లను నీకిస్త తల్లీ" అని పోచమ్మకు మొక్కింది. పిల్ల లేచింది. మేకపిల్లేమో భూమవ్వ చేతి జొన్న గట్క తిని, ఆమె కొంగు కింద పండి, కొమ్ములు మొలిపించుకుంది.

మొక్కిన యాటను ఊరికే కొయ్యరు. వీపు మీద నీళ్లు చల్లి ఎదురుచూస్తరు. ఒళ్లు దులిపితే తల్లి ఒప్పుకున్నట్టు. దులపకుంటే కత్తి లేవదు. మొదటేడు ఒక చెంబు పోసిండ్రు. నవాబు కన్నార్పలే. ఇంకో చెంబు, తర్వాత బిందెలు, ఆఖరుకు బాయిల నీళ్లన్నీ తోడి పోసిండ్రు. ఒక్క చుక్క కింద పడలే. అట్ల ఏడేండ్లు! హైదరాబాదు సర్కారు పోయి ఆంధ్రప్రదేశ్ సర్కారు వచ్చింది గాని, నవాబు మాత్రం దులపలే. ఏటేటా భూమవ్వ దాని మెడల వేపమండలు కట్టి నేతగాళ్ల సాయంతోని గుడికి తోలుకపోయేది, ఏటేటా లోపల మురుసుకుంట ఇంటికి తెచ్చుకునేది.

ఎనిమిదో ఏడు పర్శరాములు ఓపిక తెగింది. ఆయన ఊరి పెద్దమనిషి, షోలాపూరు నుంచి రెండు పవర్‌లూములు తెచ్చినోడు.

"దులిపినా దులపకున్నా ఈసారి కోసుడే," అన్నడు. "దాని చెవుల ఏం ఊదుతున్నవో ఏమో, అక్కా!"

"ఊదుత తమ్మీ. 'తిన్నవా బిడ్డా' అని ఊదుత. అది తప్పయితే నన్ను కొయ్యిరి."

నీళ్లు చల్లకముందు పొయ్యి ముట్టియ్యద్దని ఊర్ల కోడిపిల్లకు సుత తెలుసు. పర్శరాములు ముట్టిచ్చిండు. ఒకటి కాదు, మూడు పొయ్యిలు. ఏనుగు పిల్ల స్నానం చేసేంత గంగాళాలు ఎక్కిచ్చిండు. మిరపకాయ నూరుతుంటే పక్క ఊరోళ్లు తుమ్మిండ్రు.

"మామా, ముందుగాల దులపనియ్యరాదు?" అన్నడు కత్తి పట్టుకున్న హనుమండ్లు.

"నువ్వు కత్తి నూరు. ఫికర్ నాకిడిసిపెట్టు."

రోహిణి కార్తె ఎండ. ఉన్నట్టుండి సుడిగాలి లేచింది. పొయ్యిల నిప్పురవ్వ ఎగిరి మొదటి గుడిసె కప్పు మీద పడ్డది. అక్కడి నుంచి రెండో కప్పు, పదో కప్పు. మంటలు ఎంత ఎత్తు లేచినయంటే, కొండగట్టు మీద కోతులు తోకలు ముడుసుకున్నయట. బాయిల బొక్కెన వేస్తే ఇసుకే వచ్చింది. హనుమండ్లు తాడు ఇడిసిపెట్టి ఉరికిండు. అందరూ ఉరికిండ్రు.

భూమవ్వ నవాబు మెడ పట్టుకొని నిలవడ్డది. అది కదిలితే దాన్ని పట్టుకొని అటే పారిపోవచ్చు, ఎవ్వరూ చూస్తలేరు. ఆమె దాని చెవిల నోరు పెట్టింది.

"దులిపితే నిన్ను కోస్తరు. దులపకుంటే వాడ కాలుతది. నా నోటితోని నేను చెప్పలేను, బిడ్డా. నీ ఇష్టం."

నలుగురు జరిపితే గాని జరగని నవాబు ఒక్కటే నడిచింది. అడుగడుగుకు నేల దిగబడ్డది. వాడ నడుమకు పోయి నిలవడ్డది. లకుముకి పిట్ట ఎగిరిపోయింది. ముందుగాల ముక్కు అదిరింది, తర్వాత చెవులు, మెడ, వీపు. తోక దాక వచ్చేసరికి ఏడేండ్ల నీళ్లు ఒక్కసారి లేచినయి! నలభై ఇండ్ల మంటలు "సుయ్" మని ఒక్క గొంతుతోని ఆరినయి. గంగాళాలు పడవలోలె తేలిపోయినయి. నూరిన మసాలా చేపల పాలైంది.

నడుములోతు నీళ్లల్ల నిలవడి పర్శరాములు ఏడేండ్ల ఎదురుచూపుకొద్ది అరిసిండు. "దులిపింది! తల్లి ఒప్పుకుంది! కొయ్యిరి!"

"ఒప్పుకుంది తమ్మీ," అన్నది భూమవ్వ. "కొయ్యిరి. పొద్దుగూకకముందే గుడిముందర వండి పెట్టాలె గద. పొయ్యి ముట్టియ్యి."

ఊరంత దేవులాడిండ్రు. ఎండిన పుల్ల ఒక్కటంటే ఒక్కటి లేదు. అగ్గిపెట్టెలు ముద్దయినయి. పక్క ఊరికి ఉరికి తెచ్చిన కట్టెలు సుత వాడల అడుగుపెట్టంగనే చెమ్మగిల్లినయి. పొద్దు గూకింది.

"తల్లికి ముట్టాల్సింది ముట్టింది," అని హనుమండ్లు కత్తి ఒరలో పెట్టిండు.

పర్శరాములు తన లూముల షెడ్డు దిక్కు చూసిండు. కప్పు నుంచి నీళ్లు కారుతున్నయి. షెడ్డు మాత్రం నిలవడే ఉంది. తలకున్న రుమాలు ఇప్పి నవాబు వీపు తుడిచిండు. భూమవ్వ దాన్ని మెడ మీదికి ఎత్తుకుంది. తెచ్చుకున్ననాటి మేకపిల్లంత తేలికగ ఉంది.

మరుసటేడు పోచమ్మ పండుగకు ఇంటింటికో బిందె కదిలింది. ఏడేండ్లు "దులుపు, దులుపు" అని గొంతులు చించుకున్న ఊరు, నవాబు వీపు మీద మెల్లగ నీళ్లు వంచి చేతులు జోడించింది. వరుసల ముందున్నది పర్శరాములే.

"ఇప్పుడే దులపకు, నవాబూ. జర దాసిపెట్టు."

నవాబు కన్నార్పలే.