కుడి రెక్కకు రెండు చుక్కలు

సాయంత్రం ఐదింటిలోగా ఒక్క షాపువాడైనా ఊ అనాలి. లేకపోతే రేపు పొద్దున్న మా వదిన మళ్ళీ గోదాముకి వెళ్ళి అట్టపెట్టెలకు చీటీలు అంటించాలి. ఆమె పాత సీటు ఈరోజు ఐదింటి వరకే ఖాళీగా ఉంచుతానని సూపర్‌వైజర్ తేల్చి చెప్పాడు.

వదిన ఏడాదిగా వంటింట్లో ఒక నూనె తయారు చేస్తోంది. తలుపు బందులకు రెండు చుక్కలు వేస్తే చాలు, ఎంత ముసలి తలుపైనా నోరు మూసుకుంటుంది. ఆ నూనెను కౌంటరు మీద పెట్టి, వచ్చినవాళ్ళకి నాలుగు మంచి మాటలు చెప్పే భాగస్వామి కోసం పొద్దున్నుంచి తిరుగుతున్నాం. మొదటి షాపాయన తలెత్తలేదు. రెండో ఆయన "టీవీలో వస్తుందా?" అన్నాడు. రాదన్నాం. "వచ్చాక రండి" అన్నాడు.

మూడోది వీధి చివరి హార్డ్‌వేర్ షాపు. రెండు రెక్కల చెక్క తలుపు. తోయగానే కిర్రుమని వీధంతా వినబడేలా అరిచింది.

"వదినా, మన కోసమే అరుస్తోంది."

"నువ్వు అరవకుండా కూర్చో."

యజమాని వెనక గదిలో ఫోన్లో ఉన్నాడు. పావుగంట గడిచింది. నా చేతులు ఊరుకోవు. సీసా తీసి కుడి రెక్క బందులకు నూనె పట్టించాను. ఎడమ రెక్క దగ్గరికి వెళ్ళేసరికి వదిన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

యజమాని వచ్చాడు. వదిన చెప్పడం మొదలుపెట్టింది. ఆయన తలుపుకి వీపు పెట్టి, వింటూనే స్క్రూలు ఏరుతున్నాడు.

"మేకులున్నాయా?"

ఆయన వెనక నుంచి వచ్చిందా గొంతు. ఆయన ఉలిక్కిపడ్డాడు. స్క్రూల డబ్బా నేలపాలైంది.

"మీరెప్పుడొచ్చారు డాక్టర్‌గారూ?"

"ఇప్పుడే. తలుపు తోసుకుని."

"అరవలేదే."

నేను సీసా వెనక్కి దాచాను. ఆయన చూడనే చూశాడు.

"ఏమ్మా, నా తలుపుకేం చేశావు?"

"బాగు చేశానండీ."

"ముప్పై ఏళ్ళుగా ఆ కిర్రే నాకు కాపలా. లోపలున్నా ఎవరో వచ్చారని తెలిసేది. దాని గొంతు పిసికి, బాగు చేశానంటావా?"

వదిన "తప్పయిపోయిందండీ" అని సంచి సర్దుకుంది.

డాక్టరు మాత్రం తలుపు దగ్గరే ఉన్నాడు. కుడి రెక్క ఊపాడు. చప్పుడు లేదు. ఎడమది ఊపాడు. కిర్రుమంది.

"నాది పళ్ళ ఆస్పత్రమ్మా. నా గది తలుపు మూలిగితే, బయటున్నవాళ్ళు లోపలెవరో ఏడుస్తున్నారనుకుని లేచిపోతున్నారు. ఇది ఏ షాపులో దొరుకుతుంది?"

వదిన యజమాని వైపు చూసింది. ఆయన కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎడమ రెక్క ముట్టుకోలేదుగా?"

"వదిన ఆపేసిందండీ."

"నన్ను బతికించింది. దాని జోలికి వెళ్ళకండి. వచ్చేవాళ్ళు ఎడమ నుంచి వస్తారు, నాకు వినబడుతుంది. పోయేవాళ్ళు కుడి నుంచి పోతారు. ఇదెందుకు అరవలేదని అడుగుతారు. అడిగినవాడికి సీసా చూపిస్తాను."

"అంటే ఒప్పుకున్నట్టేనా బాబాయ్‌గారూ?" అన్నాను.

"అప్పుడే బాబాయినైపోయానా? మూడు నెలలు చూద్దాం. తలుపులు చేసే బావమరిది ఉన్నాడు, వాడి చెవినా వేస్తాను. ముందు ఆ సీసా మూత మార్చండి, కారుతోంది."

"నా మేకులు?" అన్నాడు డాక్టరు.

కుడి రెక్క తోసుకుని చప్పుడు లేకుండా బయటపడ్డాం. ఐదుకి ఇంకా పది నిమిషాలుంది. వదిన సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసింది.

"రేపు రానండీ. ఆ సీటు ఎవరికైనా ఇచ్చేయండి."

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

"ఇంకెప్పుడూ చెప్పకుండా ఎవరి తలుపూ ముట్టుకోకు."

"చెప్పి ముట్టుకోవచ్చా?"

వెనక షాపు ఎడమ రెక్క కిర్రుమంది. ఇంకెవరో లోపలికి వెళ్ళారు. వదిన నవ్వు ఆపుకుంటూ మూతలు అమ్మే షాపు వైపు నడిచింది.