వట్టివేళ్ల గట్టు

మిట్టమధ్యాహ్నపు ఎండలో త్రిమూర్తులు మరో వట్టివేరు దుబ్బు మొదట్లో గునపం దించబోతుంటే, పెళ్లాం లోవలక్ష్మి వచ్చి ఆ దుబ్బు మీదే చతికిలబడింది.

"లే లచ్చీ. నెత్తి మాడిపోతోంది."

"లేవను మావా. నాటింది నేను, నీళ్లు మోసింది నేను. తవ్వుకుపోడానికి నువ్వెవరంట?"

ధవళేశ్వరం అవతల ఎర్రమెట్ట ఏటవాలు మీద వాళ్ల ఇల్లు. కిందంతా జగన్నాథరావు గారి గ్రావెల్ తవ్వకం. పొక్లెయిన్ మెట్ట మొదలు తొలుచుకుంటూ వచ్చి, వాళ్ల పెరటి కింద నిలువునా కోసి వదిలేసింది. అప్పట్నుంచీ వానపడ్డప్పుడల్లా పెరడు కొంత జారిపోయేది. అడగబోతే "మీకు పట్టా ఉందా?" అనేవారు. పట్టా లేదు. కడియం నర్సరీలో మూడు వందల యాభై కూలికి వెళ్లే లోవలక్ష్మి, అక్కడ పారేసిన వట్టివేరు పిలకలు సంచుల్లో తెచ్చి గట్టంతా అడ్డవరసల్లో నాటింది. వేళ్లు లోపలికి దిగి మట్టిని పట్టుకున్నాయి. మూడేళ్లుగా గట్టు కదల్లేదు.

త్రిమూర్తులు మోపెడ్ మీద కుంకుళ్లు, శీకాయ, వట్టివేళ్లు అమ్ముతాడు. ఏ సరుకు ఎప్పుడు తీస్తే ఎంత పలుకుతుందో అతనికి తెలిసినట్టు ఆ వీధిలో ఎవరికీ తెలీదు. ఈ ఎండలకి ఎండువేరు కిలో అయిదు వందలు పలుకుతోంది.

"గడ్డిని నమ్ముకుని ఎన్నాళ్లుంటామే? ఇది అమ్మితే రెండు ట్రాక్టర్ల రాయి వస్తది. మేస్త్రీని పెట్టి గోడ లేపామంటే మళ్లీ ఈ గట్టు వంక చూడక్కర్లేదు."

"ముందు రాయి దింపించు. తర్వాత తవ్వు."

"డబ్బుల్లేకుండా ఎవడు దింపుతాడు? మీ నాన్నా?"

"మా నాన్నకి బుర్రుంటే నీకు పిల్లనిచ్చేవాడా?" అని ఫక్కున నవ్వి, చీర దులుపుకుని లేచింది. "వానలొచ్చేలోగా గోడ లేవాలి. లేవలేదో, నీ మోపెడ్ తెచ్చి గట్టుకి అడ్డం పెడతాను."

వేరు కోసి తీసుకున్నాక మిగిలిన పిలకల్ని ఇద్దరూ మళ్లీ ఆ గుంటల్లోనే నాటారు. త్రిమూర్తులు రాజమండ్రి కొట్టువాడితో గీచి గీచి బేరమాడాడు. రాయికి బయానా ఇచ్చాడు. సోమవారం దింపుతానన్నాడు ట్రాక్టరువాడు. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. పెట్టుబడి పచ్చగడ్డి, రాబడి రాతిగోడ. ఏ వ్యాపారైనా అదే చేసేవాడు.

శుక్రవారం వాయుగుండం పట్టింది.

సాయంత్రానికి గట్టు మీంచి నీళ్లు ఎర్రగా, చిక్కగా దిగుతున్నాయి. నాటిన పిలకలు గుంటల్లోంచి తేలి కొట్టుకుపోతున్నాయి. లోవలక్ష్మి కొట్టుగదిలోంచి టార్పాలిన్ బరకం లాక్కొచ్చింది. "పై కొస నువ్వు పట్టుకో మావా, కింద కొసకి నేను రాళ్లు పెడతాను" అని దిగింది. అతను పట్టుకున్నాడు. ఆమె వంగి ఒక రాయి పెట్టింది. రెండోది అందుకునేలోగా బరకం అతని చేతుల్లోంచి ఒక్క ఈడ్పుతో జారిపోయింది. అరచేతులు చెక్కుకుపోయాయి. చూస్తే ఎదురుగా గట్టు లేదు. వంటిల్లు సగమే ఉంది.

మర్నాడు మధ్యాహ్నానికి ఆమెను బయటికి తీశారు. చెప్పిన మాట ప్రకారం సోమవారం రాయి వచ్చింది. దింపించుకునేవాడు లేక ట్రాక్టరు వెనక్కి తిరిగింది.

పెద్దదినం అయిన మర్నాడు జగన్నాథరావు గారు కారు దిగారు. వెనకాలే పొక్లెయిన్ గొలుసులు ఈడ్చుకుంటూ వచ్చి ఆగింది.

"అయిందేదో అయింది, త్రిమూర్తులూ. పాడు వాన. కిందపడ్డ మట్టి మా టిప్పర్ల దారికి అడ్డంగా ఉంది, ఎత్తించేస్తాను. ఊరికే వద్దులే, టిప్పరుకి వెయ్యి రూపాయలు నీకే ఇస్తాను."

అతను వద్దనుకుంటున్నా బుర్ర దాని పని అది చేసేసింది. కుప్ప వైపు ఒక్క చూపుకే, నలభై టిప్పర్లకి తగ్గదని తేల్చేసింది. అతను చూపు కుప్ప మీంచి పైకి తిప్పుకున్నాడు.

పైన, పక్కింటి రత్తమ్మ గోడ బీటలు వారి, కోసుకుపోయిన అంచు మీద నిలబడి ఉంది. ఆ గోడని ఆపుతున్నది కింద పడ్డ కుప్ప ఒక్కటే.

"ఆ మట్టి తీస్తే రత్తమ్మత్త ఇల్లు కూడా దిగిపోద్దండి."

"ఆవిడకీ ఏదో చూద్దాం లేవయ్యా. పోనీ పదిహేను వందలు."

"వద్దండి."

"నీ బేరాలు నాకు తెలీవా? రెండు వేలు."

"బేరం కాదండి. మా ఇంటిది దాని కింద పోయింది. ఆ మట్టి ఇవ్వను."

జగన్నాథరావు గారు నవ్వబోయి మానేశారు. "అది నీ సొమ్మని ఎవరు చెప్పారు? పట్టా ఉందా?"

త్రిమూర్తులు కుప్ప ఎక్కి నడిమధ్యలో కూర్చున్నాడు. పైనుంచి రత్తమ్మ ఒక చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో పునాది రాళ్లు పట్టుకుంటూ దిగివచ్చి, అతని పక్కన కూలబడింది.

"ఏంట్రా శాంతికుమార్, అలా చూస్తావేంటి? కానియ్యి!" అని జగన్నాథరావు గారు డ్రైవర్ని కసిరారు.

పొక్లెయిన్ తొట్టి పైకి లేచింది. వాళ్లిద్దరి తలల మీదికి వచ్చి ఆగింది. డ్రైవర్ శాంతికుమార్ యజమాని వైపు చూడలేదు, కుప్ప వైపూ చూడలేదు. ఇంజను మోగుతూనే ఉంది. తొట్టి పళ్లకి అంటుకున్న పాత మట్టి కొంచెం కొంచెంగా రాలి రత్తమ్మ నెరిసిన జుట్టు మీద పడుతోంది.