సాల్మన్ వల్ల

ఉయ్యూరు నుంచి సంపూర్ణమ్మ వస్తోందంటే ఆటోలోంచి ముందు ఆవిడ బుట్ట దిగుతుంది, తర్వాత ఆవిడ. ఈసారి బుట్ట నిండా ఊక, ఊకలో నాటుకోడి గుడ్లు, పైన గానుగ నువ్వుల నూనె సీసా. మనవరాలు వినీల పెద్దమనిషైందన్న కబురు అందిన మర్నాడే ఆవిడ గుణదలలో కొడుకింటి గుమ్మంలో నిలబడి, చెప్పులైనా విప్పకుండా కోడలికి చెప్పాల్సింది చెప్పేసింది.

"రోజూ పరగడుపున పచ్చి గుడ్డు, దాని మీద గుడ్డు పెంకుతో కొలిచి నూనె. నడుం గట్టిపడుద్ది. రేపు కాన్పుల్లో తెలుస్తది నా విలువ."

"దానికి పన్నెండేళ్ళు అత్తయ్యా. కాన్పులకి ఇంకా టైముంది," అంది హెలెన్.

"టైముంటేనే కదమ్మా గట్టిపడేది."

హెలెన్‌కి హోం సైన్స్ డిగ్రీ ఉంది. అటక మీద, పెళ్ళి ఆల్బం కింద ఉంది. అత్తగారితో మాట పెరిగినప్పుడల్లా దాన్ని దింపాలనిపిస్తుంది గానీ, నిచ్చెన పక్కవాటాలో అడిగి తేవాలి. అందుకని ఊరుకుంటుంది. అయినా గుడ్ల మీద ఎండిన రెట్ట మరకలు చూసి కడగబోయింది. సంపూర్ణమ్మ బుట్ట లాక్కుంది.

"కడిగితే సారం పోద్ది. ఇవి కొన్నవి కాదు, మన సాల్మన్ ఇచ్చినవి. మెళ్ళో శిలువ ముట్టుకుని మరీ ఇచ్చాడు, మా చెల్లెలి కొడుకు."

సాల్మన్ ఉయ్యూరులో కోళ్ళు పెంచుతాడు, ఆదివారం గుడిలో డోలక్ వాయిస్తాడు. రెండింటిలోనూ అతన్ని వేలెత్తి చూపినవాడు లేడని సంపూర్ణమ్మ నమ్మకం.

వినీల ముక్కు మూసుకుని మింగింది. "నానమ్మా, చేప కన్ను మింగినట్టుంది."

"మీ మేనత్త శాలిని కూడా ఇట్టాగే ఏడ్చింది. ఇప్పుడు చూడు, ఏడో నెల్లో కూడా బిందె ఎత్తుద్ది."

పేపరు వెనకాల స్టీఫెన్ నవ్వాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య మాట నడిచేటప్పుడు అతను ఎప్పుడూ పేపరు వెనకాలే ఉంటాడు.

నాలుగో గుడ్డో, అయిదో గుడ్డో లోపలికి పోయాక వినీల బడికి వెళ్ళనంది. మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోతోంది. కడుపు పట్టుకుని ముడుచుకుపోతోంది. బాత్రూం తలుపు దగ్గరే చాప వేసుకుని పడుకుంది, మంచం నుంచి అక్కడిదాకా నడిచే ఓపిక లేక. సంపూర్ణమ్మ పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, నీరసానికని చెప్పి, మర్నాటి గుడ్డు కూడా ఆ సాయంత్రమే తాగించింది.

హెలెన్ వచ్చి చూసేసరికి గ్లాసు అడుగున పసుపు చార మాత్రం మిగిలింది. బుట్ట గట్టు మీద ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది.

తెల్లారేసరికి పిల్ల పెదాలు ఎండి, కళ్ళు లోతుకి పోయాయి. పిలిస్తే ఊ అంటోంది గానీ ఎవరు పిలిచారో చూడడం లేదు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. నరం దొరకడానికే నర్సుకి చాలాసేపు పట్టింది. ఆ సేపంతా హెలెన్ కూతురి పాదాలు పట్టుకుని నిలబడింది. చల్లగా ఉన్నాయి.

పరీక్షల కాగితం వచ్చాక కుర్ర డాక్టరు హెలెన్ని గదిలోకి పిలిచాడు.

"సాల్మొనెల్లా అండీ. పచ్చి గుడ్లుగానీ, సరిగా ఉడకని చికెన్‌గానీ పెట్టారా?"

"గుడ్లు," అంది హెలెన్.

"అదే అయ్యుంటుంది. సమయానికే తెచ్చారు, రక్తంలోకి పాకితే కష్టం. పసిపిల్లలకీ, ముసలివాళ్ళకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ అయితే మరీ ప్రమాదం. గుడ్డు చూడ్డానికి బాగానే ఉంటుంది మేడం. వాసనుండదు, రుచి మారదు. అదే దీంతో చిక్కు."

బయట బెంచీ మీద సంపూర్ణమ్మ, ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన ఆడపడుచు శాలిని కూర్చుని ఉన్నారు. శాలిని అప్పుడే మందుల షాపుకని లేచి వెళ్ళింది.

"ఏమన్నాడమ్మా?" అంది సంపూర్ణమ్మ.

"సాల్మొనెల్లా అత్తయ్యా."

సంపూర్ణమ్మ కోడలి మొహంలోకి చూసింది. "సాల్మన్ వల్లా?"

హెలెన్ పరీక్షల కాగితం మడిచింది.

"వాడేం చేశాడమ్మా? ఉయ్యూరులో కూర్చుని మా సాల్మన్ చేతబడి చేశాడంటాడా ఆ కుర్రాడు? వాడి పేరు వీడికెవరు చెప్పారు?"

అన్ని రోజుల తర్వాత హెలెన్‌కి నవ్వొచ్చింది. ఆపుకోడానికి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఏడుపనుకుని అత్తగారు వీపు నిమిరింది. విడమరిచి చెప్పొచ్చు. చెబితే, నా చేత్తో నేనే పెట్టానా అని ఆవిడ ఇక్కడే, ఇంతమందిలో శోకం మొదలెడుతుంది. దానికంటే నింద సాల్మనే మొయ్యడం నయం. ఉయ్యూరు తగినంత దూరంలో ఉంది. పైగా స్టీఫెన్‌కి చెప్పి నవ్వుకోడానికి ఒక మాట దొరికింది.

"డాక్టరు అదే అన్నాడు అత్తయ్యా. పిల్లకి ఇంక ఆ గుడ్లు వద్దన్నాడు."

సంపూర్ణమ్మ ముక్కుపుటాలు అదిరాయి. "సరేలే. పిల్లకి పెట్టను."

అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆవిడ చరిత్రలో లేదు.

మధ్యాహ్నం సంపూర్ణమ్మా, శాలినీ భోజనానికని ఇంటికి వెళ్ళారు. సాయంత్రం శాలిని ఒక్కతే, బస్సెక్కేముందు మేనకోడల్ని చూడ్డానికి వచ్చింది. చేతిలో గుడ్డ సంచి.

"ఏంటది, మోస్తున్నావు?" అంది హెలెన్.

"ఏమో వదినా. అమ్మ ఏదో సర్ది పెట్టింది. ఏంటే అంటే, ఇంటికెళ్ళి చూసుకో, ఫోన్లో చెప్తా అంది. కుదపకుండా పట్టుకోవాలంట."

గోంగూర పచ్చడి సీసా అయ్యుంటుందనుకుంది హెలెన్. సంచి అడుగున ఊక పొట్టు అంటుకుని ఉంది. చూసింది కూడా. అప్పుడే వినీల మంచినీళ్ళు అడిగింది, తనంతట తాను, మొదటిసారి. హెలెన్ అటు తిరిగింది.

రెండు రోజులకి పిల్లని ఇంటికి పంపారు. ఆ మధ్యాహ్నం సంపూర్ణమ్మ మేరీమాత కొండకి వెళ్ళగానే హెలెన్ పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టింది. బుట్టలో గుడ్లు తను అనుకున్నదానికంటే తక్కువే ఉన్నాయి. పీడ సగం ముందే వదిలిందనుకుంది. అన్నిటినీ గట్టిగా, మాడిపోతాయేమో అన్నంతసేపు ఉడకబెట్టి, చల్లార్చి, తుడిచి, రెట్ట మరకలు కూడా వీలైనంతవరకు పోకుండా మళ్ళీ ఊకలో సర్దింది. తర్వాత చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. పెళ్ళయ్యాక తన డిగ్రీ ఇంత బాగా ఎప్పుడూ అక్కరకు రాలేదనిపించింది.

మర్నాడు పొద్దున హెలెన్ వంటింటి గుమ్మం పక్కన నిలబడి వింది. గ్లాసు చప్పుడు. నూనె సీసా మూత. గ్లాసు అంచుకి గుడ్డు కొట్టిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

లోపలికి వెళ్ళింది. సంపూర్ణమ్మ చేతిలో పగిలిన పెంకు, అందులో తెల్లగా, గట్టిగా గుడ్డు.

"ఉడకబెట్టావా?"

"ఉడకబెట్టాను. మీరు పెట్టనన్నారు కదా అత్తయ్యా."

ఆవిడ కోప్పడలేదు. గుడ్డు ఒలిచి, ఉప్పు డబ్బా దగ్గరికి లాక్కుంది. దొరికిపోయిన మనిషి మొహం కాదు అది. పందెం గెలిచిన మొహం.

"నీకూ నమ్మకం లేదు, నీ డాక్టరుకీ లేదు. పాపం తల్లీ తండ్రీ లేనోడు, వాడి వల్ల అన్నారు. అందుకే సగం గుడ్లు మొన్ననే శాలినికిచ్చి పంపా. ఇంటికెళ్ళగానే మొదలెట్టింది, పచ్చివే, నూనేసుకుని. కడుపులో బిడ్డక్కూడా బలం. దానికేం కాకపోతే అప్పుడొస్తా నీ డాక్టరు దగ్గరికి, నేనూ సాల్మనూ కలిసి."

హెలెన్‌కి సంచి అడుగున ఊక పొట్టు కళ్ళ ముందు ఆడింది.

ఫ్రిజ్ మీద ఫోన్ మోగింది. తెర మీద శాలిని పేరు. ఇంకా పాల ప్యాకెట్లు కూడా రాలేదు. శాలిని ఈ వేళకి లేచిన పాపాన పోదు.

"ఎత్తమ్మా," అంది సంపూర్ణమ్మ, గుడ్డు ఉప్పులో అద్దుకుంటూ. "గుడ్లు ఎంత బాగున్నాయో చెప్పడానికే చేసుంటది."