మడ్గార్డు కోసిన జీపు

నా మొగుడు జితేంద్రది ఒకటే మాట: "పోనీలేవే, ఆ రెండెకరాలూ మా అన్నకే అమ్మేద్దాం." మాట అనేసి హోసూరు కంపెనీకి షిఫ్టుకు పోయినాడు. నేను ఇయ్యను. ఆడ టమాటా పెట్టింది నేను, నీళ్ళు కట్టింది నేను.

ఆ అన్న, అంటే మా బావ శ్రీరంగప్ప, పొలానికి పోయే బండిదోవలో బండరాళ్ళు దొర్లించి మూసేసినాడు. దోవ లేకపోతే చచ్చినట్టు అమ్ముతానని ఆయన లెక్క. ఇంక మిగిలింది పక్కన పారే వంక ఒకటే. మోకాలి లోతు నీళ్ళు, అడుగున గుండ్లు. అందుకే మా పాత జీపును ఎత్తు లేపించి పెద్ద టైర్లు వేయించుకుందామని హోసూరు పక్కనుండే జూజువాడి ఊరికి పోయినాను.

టైర్ల అంగడి చక్రి అంతా బిగించి, స్టీరింగు ఇటు కడాకు, అటు కడాకు తిప్పి చూపించినాడు. "యాడా రాసుకోలేదక్కా, చూసుకో." ఖాళీ బండిని చూసి మురిసిపోయిన మొద్దును నేనే.

మరుసటి దినమే తెలిసొచ్చింది. పొలంలో ముప్పై బాక్సుల టమాటా ఎత్తుకోని వంకలో దిగినాను. ముందు చక్రం గుండురాయి ఎక్కేసరికి బరువుకు బండి కుంగి, టైరు పోయి మడ్గార్డుకు పట్టుకునింది. తిరగదు, కదలదు. బావ గట్టుమీద నిలబడి పంచె సర్దుకుంటా అన్నాడు: "ట్రాక్టరు పంపిస్తా నాగవేణీ. ముందు అమ్మకం కాగితం మీద సంతకం పెట్టు."

ఒళ్ళు మండిపోయింది. ఒక్కో బాక్సూ నెత్తిన మోసి గట్టుకు చేర్చి, బండిని తేలిక చేసి, రివర్సులో గుండుమీంచి దించి, ఖాళీగానే వంక దాటించినాను.

నేరుగా చక్రి దగ్గరికే పోయినాను. చిన్న టైర్లు వేసేస్తానన్నాడు.

"మడ్గార్డు కోయి," అన్నాను.

"కొత్త పెయింటు కదక్కా, అందం పోతుంది."

"దానికేమన్నా పెండ్లిచూపులా? కోయప్పా."

కోసినాక బరువు కోసం అంగడిలో ఉండేవాళ్ళందరినీ జీపులోకి ఎక్కించి, ఒక ముందు చక్రాన్ని రాయిమీదికి తోలి, స్టీరింగు కడాకు తిప్పించినాను. టైరుకూ మడ్గార్డుకూ సందులో చెయ్యి పెట్టి చూస్తే నాలుగు వేళ్ళు పట్టినాయి.

వారం తిరక్కుండానే మళ్ళా ముప్పై బాక్సులు, మళ్ళా అదే గుండు. టైరు ఎక్కింది, తిరిగింది, దిగింది. బావ గట్టుమీదే ఉన్నాడు. మొహం మాడిపోయింది.

"రాళ్ళు తీయించేస్తాలేమ్మా," అన్నాడు. "చూసినోళ్ళు ఏమనుకుంటారు?"

నీళ్ళ నడిమధ్యనే బండి ఆపినాను.

"ఉండనీ బావా. ఇయ్యాల తీసేవాడివి రేపు మళ్ళా మూస్తావు. ఈ వంకను మా మామ నీకు రాసిచ్చిపోలేదు."